చరిత్రలో డిగ్రీతో నాలుగు రకాల పనులు చేసుకోవడం ఎలా?

బీఏ హిస్టరీ అయ్యాక ఇంట్లో వినిపించే సలహాలు రెండే: గ్రూప్స్ రాయి, లేదంటే బీఈడీ చెయ్యి. రెండూ మంచి దారులే. కాకపోతే నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ నాలుగైదేళ్లు గడిచిపోతే, ఆ తర్వాత ఎవరికైనా చూపించడానికి చేతిలో మార్కుల మెమో తప్ప ఏమీ ఉండదు. నెలనెలా వచ్చే జీతం ఒకటి, అదే చదువుతో సాగే పనులు రెండు మూడు పక్కన పెట్టుకోవడం మేలు.

1. ముందు నికరమైన జీతం

బడి పంతులు ఉద్యోగానికి ఎడ్‌సెట్, రెండేళ్ల బీఈడీ, టెట్ రెండో పేపర్, ఆ తర్వాత డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ సోషల్. ఎంఏ ఉంటే జూనియర్ లెక్చరర్ పోస్టులు. లెక్చరర్ అర్హత పరీక్షలు నెట్ (జాతీయ స్థాయి) గానీ సెట్ (రాష్ట్ర స్థాయి) గానీ తోడైతే డిగ్రీ కాలేజీలు. నెట్‌కు ఎంఏలో 55 శాతం కావాలి, రిజర్వుడ్ వర్గాలకు 50. మొదటి పేపర్ 50 ప్రశ్నలకు 100 మార్కులు, రెండోది 100 ప్రశ్నలకు 200. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. హిస్టరీవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా మొదటి పేపర్లోని లెక్కలు, రీజనింగ్ దగ్గరే. రోజూ అరగంట వాటికి పెట్టండి.

గ్రూప్స్‌లో మీ సబ్జెక్టుకు బరువుంది. ఏపీ గ్రూప్-2 మెయిన్స్ మొదటి పేపర్లో సగం, అంటే 75 మార్కులు, ఆంధ్రప్రదేశ్ సామాజిక సాంస్కృతిక చరిత్రవే. తెలంగాణ గ్రూప్-2 నాలుగో పేపర్ 150 మార్కులూ తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మీదే. అయినా రెండు నోటిఫికేషన్లు అని గీత గీసుకుని దిగండి.

న్యాయవిద్య ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయడం చాలామందికి తట్టని దారి. డిగ్రీలో 45 శాతం ఉంటే జనరల్ వాళ్లు అర్హులే. దీని అసలు విలువ కింది మెట్టుతో కలిస్తేనే తెలుస్తుంది.

2. ఒక పాత లిపి పట్టండి

డిగ్రీలు చాలామందికి ఉంటాయి, పాత కాగితం చదవగలిగేవాళ్లు తక్కువ. నిజాం ప్రభుత్వ వ్యవహారాలు 1880ల దాకా ఫారసీలో, ఆ తర్వాత 1948 దాకా ఉర్దూలో నడిచాయి. భూమి తగాదాల్లో సేత్వార్ (తొలి భూసర్వే రిజిస్టరు), పాత పహాణీలు (ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే ఊరి రికార్డు) నేటికీ బయటికి వస్తుంటాయి. వాటిని చదివిపెట్టే మనిషి కోసం వకీళ్లు వెతుక్కుంటారు. ఉర్దూ అక్షరాలు రావడానికి ఉర్దూ భాషాభివృద్ధి జాతీయ మండలి దూరవిద్యలో ఇచ్చే ఏడాది డిప్లొమా సరిపోతుంది. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. పాత దస్తావేజులు శికస్తా రాతలో ఉంటాయి: చుక్కలు ఎగిరిపోతాయి, విడిగా ఉండాల్సిన అక్షరాలు కలిసిపోతాయి. అచ్చు పుస్తకం గడగడా చదివేవాళ్లు కూడా ఇక్కడ ఆగిపోతారు. తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఒకే గుమాస్తా చేతిరాత ఉన్న కాగితాలు పది వరసగా తీసుకుని చదివితే ఆ చెయ్యి అలవాటవుతుంది. ఈ కాగితాల్లో తేదీలు ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరంలో ఉంటాయి, మన లెక్కకు దానికి 590 కలపడం గుర్తుంచుకోండి: ఖాస్రా పహాణీ ఫసలీ 1364 అంటే 1954–55.

కోస్తా, రాయలసీమవాళ్లకు శాసనాల లిపి దగ్గరి దారి. అక్కడ శక వర్షానికి 78 కలపాలి. శక 1437 యువ సంవత్సరం అంటే 1515, శ్రీకృష్ణదేవరాయలు కొండవీడు గెలిచిన ఏడు. అంకె, సంవత్సరం పేరు రెండూ పొసగకపోతే, ముందుగా అంకెను తప్పు చదివారేమో చూసుకోండి.

3. శాసనం నకలు తీయడం నేర్చుకోండి

రాయిని నీళ్లతో, గట్టి పీచు బ్రష్షుతో కడగాలి. ఇనుప బ్రష్షు ముట్టుకోవద్దు. మాప్లితో అనే రకం మందపాటి కాగితం తడిపి రాయిమీద పరిచి, మధ్యనుంచి అంచులకు గాలి బుడగలు తోసేయాలి. తర్వాత బ్రష్షుతో నిలువుగా కొడుతూ కాగితాన్ని అక్షరాల గుంతల్లోకి దించాలి. తడి చాలావరకు ఆరి, కాగితం ఇంకా రాయికి అంటుకునే ఉన్నప్పుడు, సిరా అద్దిన గుడ్డ ముద్దతో పైపైన తట్టాలి. నల్లటి నేలమీద తెల్లటి అక్షరాలు తేలతాయి. తొందరపడితే సిరా పాకి అక్షరం మూసుకుపోతుంది. మిట్టమధ్యాహ్నం చేస్తే కాగితం ముందే ఎండి ఊడిపోతుంది. ఫోటో అయితే పొద్దున గానీ సాయంత్రం గానీ, ఏటవాలు వెలుతురులో. అక్షరాల్లో సుద్ద, నూనె పూయడం మానండి, అది రాయికి చేటు. రక్షిత కట్టడాల దగ్గర పురావస్తు శాఖ అనుమతి తప్పనిసరి. ఊళ్లో రాయైతే సర్పంచికో గుడి కమిటీకో చెప్పి మొదలుపెట్టండి.

4. చూపించడానికి ఒక ఫైలు

మీ మండలాన్నే తీసుకోండి. ఒక శాసనం పాఠం, వెయ్యి పదాల ఒక వ్యాసం, ఒక పెద్దమనిషితో గంట ఇంటర్వ్యూ రాతప్రతి, రెండు గంటల్లో నడిచే ఒక దారి పటం చాలు. బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తుల్లో (ఊళ్ల చరిత్ర రాతల్లో) మీ ఊరు ఉంటే పని సగం తేలికే. కానీ అందులోని వంశావళులను యథాతథంగా నమ్మి ఎక్కించొద్దు, శాసనంతో సరిచూడండి. ఇంటర్వ్యూకి ముందే అనుమతి సంతకం తీసుకోండి. గంట రికార్డింగును రాతలో పెట్టడానికి ఐదారు గంటలు పడుతుంది, రేటు చెప్పేటప్పుడు ఇది మరిచి నష్టపోతుంటారు.

ఈ ఫైలుతో వెళ్లాల్సిన చోట్లు: శతజయంతి సంచికలు వేసే బళ్లు, ఆలయాల స్థల చరిత్ర పుస్తకాలు, డాక్యుమెంటరీ బృందాలు, రామప్ప, అమరావతి లాంటి చోట్లకు పర్యటనలు నడిపేవాళ్లు. "ముందు రాయండి, తర్వాత చూద్దాం" అనేవాళ్లకు దణ్ణం పెట్టండి. మూడో వంతు అడ్వాన్సు, ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు దిద్దుబాట్లు, పుస్తకంలో మీ పేరు ఎక్కడ వస్తుంది అన్నవి ఒక కాగితం మీద పెట్టుకోండి.

5. పెద్ద సంస్థల వైపు వెళ్లాలంటే

జాతీయ ఆర్కైవ్స్ ఢిల్లీలో రికార్డుల నిర్వహణ మీద ఏడాది డిప్లొమా, కాగితాల సంరక్షణ మీద కొద్ది వారాల కోర్సులు నడుపుతుంది. తవ్వకాల వైపు మనసుంటే ఎంఏ తర్వాత గ్రేటర్ నోయిడాలోని పండిత్ దీనదయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థలో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. సీట్లు కొద్దిగానే ఉంటాయి. ఎంఏలో చేరేటప్పుడే ప్రాచీన, మధ్యయుగ భారత చరిత్ర స్పెషలైజేషన్ ఎంచుకోండి. ఆధునిక చరిత్ర తీసుకున్నవాళ్లకు ఆర్కైవ్స్ దారే సుళువు.