బోణీ కాకముందు ఆశీలు అడక్కండి

మా అమ్మ తిరునాళ్లలో గాజులు అమ్మేది. కొట్టు తెరిచాక మధ్యాహ్నం నుంచి గుక్కెడు నీళ్లు కూడా తాగేది కాదు. దాహం లేక కాదు, తర్వాత వెళ్లడానికి చోటు లేక. ఇప్పుడు మా ఊరి తిరునాళ్ల కమిటీలో నేనున్నాను. చేరిన ఏడాది పట్టుబట్టింది ఒక్కదానికే: కొట్ల వెనకాలే ఆడవాళ్లకు రెండు మరుగుదొడ్లు, లోపల బల్బు, సరిగా పడే గడియ, నీళ్ల డ్రమ్ము. "గుడి దగ్గర ఉన్నాయిగా" అన్నారు. అంత దూరం వెళ్లి, లైన్లో నిలబడి వచ్చేదాకా సరుకెవరు చూస్తారు? ఒంటరిగా వచ్చినవాళ్లకు పక్క కొట్టువాళ్లే కాపలా. అందుకే తిరునాళ్లు జరిపే కమిటీలవాళ్లకు చెబుతున్నా, ఏటా పక్కపక్కన కూర్చునేవాళ్లను విడదీయకండి.

ఇక ఆశీలు, అంటే కొట్టు పెట్టుకున్నందుకు వసూలు చేసే రుసుము. గొడవలన్నీ ఇక్కడే. ఆశీలు వసూలు హక్కును వేలంలో ఎక్కువకు పాడిన కాంట్రాక్టరు ఆ డబ్బు ఎవరి దగ్గర రాబడతాడు? ఒక ఏడాది పీచుమిఠాయి కుర్రాడి దగ్గర ఒకే పూటలో మూడుసార్లు వసూలు చేశారు, మూడు రంగుల చీటీలిచ్చి. అప్పటినుంచి ఏ కొట్టుకు ఎంతో వేలం షరతుల్లోనే రాస్తున్నాం. అదే రేటు ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాలతో దారి మొదట్లో కడతాం. కొట్టు నంబరు వేసి ఒక్కటే రసీదు. బుట్ట నెత్తిన పెట్టుకుని, బుడగలు పట్టుకుని తిరిగేవాళ్ల దగ్గర అసలు తీసుకోం. వసూలు సాయంత్రమే. పొద్దున్నే దీపం పెట్టి మొదటి బేరం కోసం చూస్తున్న మనిషి ముందు చెయ్యి చాపితే ఆ రోజంతా ఆమె మనసు మనసులో ఉండదు. మా అమ్మ అయితే పైకేమీ అనేది కాదు, గాజుల దండలు మాత్రం టకటకా విసురుగా సర్దేది.

స్థలాలు ముందురోజే సున్నంతో గీసి నంబర్లు వేయండి. గాజుల కొట్టుకు ముందు మరో మూడడుగులు వదలాలి. తొడిగించుకునేవాళ్లు కూర్చోవాలి కదా! బజ్జీల పొయ్యి పక్కన ప్లాస్టిక్ బొమ్మల కొట్టు వద్దు.

మాది పల్నాడు, శివరాత్రికి ప్రభలు, అంటే అలంకరించి ఊరేగించే ఎత్తైన కట్టడాలు, కదులుతాయి. కోటప్పకొండకు వచ్చేవాటిలో 90 అడుగుల ప్రభలూ ఉంటాయి. తీగలున్న చోట ప్రభ దాటేదాకా కరెంటు తీసేస్తారు. జనం విరగబడేదీ అప్పుడే. చీకట్లో ఏం అమ్ముతారు? ప్రభ ఏ వేళకు వస్తుందో మైకులో ముందే చెప్పండి. కొట్ల వరుసకు వేరే జనరేటరు పెట్టండి. ఆ జనంలో సిగ్నల్ అందక ఫోన్ పే కూడా ఆడదు. మేం బ్యాంకు నుంచి పది, ఇరవై నోట్ల కట్టలు తెచ్చి కమిటీ పందిట్లో చిల్లర ఇస్తాం.

మన కార్యకర్తలకు టిఫిను కమిటీయే పెట్టాలి. లేకపోతే వచ్చినవాడల్లా గుప్పెడు జీళ్లు తీసుకుని "మనోళ్లేగా" అంటాడు.

ఆఖరి రాత్రి లైట్లు గబుక్కున తీసేయకండి. మిగిలిన గాజులు సైజులవారీగా దారానికి గుచ్చి, వరిగడ్డి పరిచి పెట్టెలో సర్దడానికి రెండు గంటలన్నా పడుతుంది. సెల్‌ఫోన్ వెలుతురులో సర్దిన పెట్టె ఇంటికెళ్లి తెరిస్తే అడుగున అన్నీ ముక్కలే.