వంతెన తనిఖీలో పెద్ద లోపం కనబడితే ముందు బండ్లు ఆపండి

కనబడిన ప్రతి పగులుకీ టెన్షన్ పడక్కర్లేదు. జాయింటులో రావి మొక్క మొలిచిందనో, అక్కడక్కడ పెచ్చులూడాయనో రోడ్డు మూయరు. కానీ బేరింగు (దూలం ఆనుకునే దిమ్మ) దగ్గర గర్డరు (వంతెనను మోసే దూలం) మీద ఏటవాలుగా పాకిన పగులు, ప్రీస్ట్రెస్ కేబులు (కాంక్రీటు లోపల లాగి బిగించిన ఉక్కు తీగ) వెంబడి కారిన తుప్పు మరక, పక్కకు జారిన బేరింగు, పక్క స్పాను (రెండు స్తంభాల మధ్య భాగం) కంటే కిందికి దిగిన స్పాను, పియరు (వంతెన స్తంభం) కింద కోసుకుపోయిన మట్టి, వీటిలో ఏది కనబడినా సాయంత్రం రిపోర్టు దాకా ఆగొద్దు.

మన విశాఖలో సముద్రపు ఉప్పు గాలి ఒకటి ఉంది కదా, పైకి వెంట్రుకంత గీతే కనిపిస్తుంది, లోపల చువ్వ సగం తినేసి ఉంటుంది. అందుకే సుత్తితో తట్టి చూడాలి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, విడిపోయింది డొల్లగా మోగుతుంది. ఓసారి నేను అలా తడుతుంటే అరచేయంత పెచ్చు ఊడి కాళ్ల దగ్గర పడింది. పక్కనే ఉన్న పగులు పైన లారీ వెళ్లినప్పుడల్లా నోరు తెరిచి మూస్తోంది. మా ఇంజినీరు గారు "ఫొటో తీసుకో, ఆఫీసుకెళ్లి రాద్దాం" అన్నారు. నిచ్చెన పట్టుకున్న పెద్దాయన మాత్రం "బాబూ, బేగి బండ్లు ఆపించండి" అన్నాడు. కరెక్ట్ ఆయనే.

ఫోన్లు ఇలా చేయండి: పోలీసులకు 112, జాతీయ రహదారి అయితే 1033, వెంటనే మీ ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకి). కింద పట్టాలుంటే రైల్వే వాళ్లకు కూడా. వంతెన కింద నడిచే జనాన్నీ ఖాళీ చేయించండి, ఇది చాలామంది మర్చిపోతారు. ట్రాఫిక్ మళ్లించేదాకా మీరు అక్కడి నుంచి కదలొద్దు.

అమెరికాలో మెంఫిస్ దగ్గర మిసిసిపి నది మీది ఐ-40 వంతెనలో 2021 మే 11న ఉక్కు దూలం పగిలి ఉండటం చూసిన వంతెన తనిఖీ ఇన్‌స్పెక్టరు నేరుగా అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేసి రాకపోకలు ఆపించాడు. తీరా చూస్తే ఆ పగులు 2019 నాటి డ్రోన్ వీడియోలోనే ఉంది! ఫొటో తీస్తే పని అయిపోయినట్టు కాదని ఇందుకే చెప్పేది.

బండ్లు ఆగాక ఫొటోలు తీయండి. ముందు దూరం నుంచి, తర్వాత పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి. పగులు రెండు కొసల్లో గీత గీసి తేదీ వేస్తే రేపటికి పాకిందో లేదో తెలిసిపోతుంది. గోస్తని, శారద లాంటి నదుల మీద అయితే ఇంకో తిరకాసు: వరద కోసిన గుంతను వరద తగ్గేటప్పుడు ఇసుకే పూడ్చేస్తుంది, వేసవిలో చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. లోతు వరదలో ఉండగానే కొలిపించాలి.

రిపోర్టులో "పరిశీలనలో ఉంచవలెను" అని మాత్రం రాయకండి, దానికి అర్థం లేదు. ఏ స్పాను, ఎన్నో గర్డరు, ఏం చూశారు, ఎన్ని గంటలకు ఎవరికి చెప్పారు, ఎవరు ఎప్పటిలోగా ఏం చేయాలి, ఇవన్నీ ఆ రోజే రాసి పంపండి. భారీ వాహనాలు మాత్రమే ఆపాలంటే బోర్డు చాలదు, రాత్రి పోర్టు లారీలు దాన్ని చూడవు. ఎత్తైన బండ్లు దూరకుండా పైన ఇనుప గర్డర్లతో అడ్డం కట్టించండి. మళ్లీ తెరవాలన్నా ఫోన్లో "సరే వదిలేయండి" అంటే వదలొద్దు, డిజైన్ తెలిసిన ఇంజినీరు సంతకంతో కాగితం చేతికి రావాలి.