తుపాను తడిసిన మిక్సీకి ప్లగ్గు పెట్టే ముందు: వంద వాట్ల బల్బుతో సీరీస్ బోర్డు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చేది ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్యనే. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు చూశాం, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకూ చూశాం. నీళ్లు తీశాక చాలామంది మొదట చేసే పని, మిక్సీనో ఫ్యానునో ఒకసారి ప్లగ్గులో పెట్టి చూడటం. లోపల షార్టు ఉంటే మీటరు బోర్డులోని బ్రేకరు (ఎంసీబీ) పడిపోతుంది. ఫ్యూజులో లావు తీగ చుట్టిన ఇంట్లో మోటారు లోపలి తీగచుట్ట, అంటే వైండింగే మాడిపోతుంది. ఆ పరీక్ష ఏదో పాత ఫిలమెంటు బల్బు గుండా చేస్తే కాలిపోయేదేమీ ఉండదు. రిపేరు షాపుల్లో బల్ల మీద ఉండే సీరీస్ బోర్డు ఇదే.

కావలసినవి: ఒక చెక్క లేదా పీవీసీ బోర్డు, 6 ఆంపియర్ల స్విచ్చు ఒకటి, 6 ఆంపియర్ల త్రీపిన్ సాకెట్టు ఒకటి, బల్బు బిగించే బ్యాటెన్ హోల్డరు ఒకటి, 1 చదరపు మిల్లీమీటరు త్రీకోరు వైరు రెండు మీటర్లు, త్రీపిన్ ప్లగ్గు, 100 వాట్ల ఫిలమెంటు బల్బు. హోల్డరు మాత్రం బేకలైటుదో పింగాణీదో తీసుకోండి. చవక ప్లాస్టిక్కుది వంద వాట్ల వేడికి మెత్తబడి, లోపలి స్ప్రింగు పిన్నులు పక్కకు ఒరిగి అక్కడే షార్టవుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఆ ఇత్తడి పిన్నులు ఉప్పుగాలికి పచ్చగా పాచిపడతాయి. అప్పుడప్పుడు ప్లగ్గు పీకేసి గరుకు కాగితంతో రుద్దండి.

కనెక్షను ఇలా ఇవ్వాలి. ప్లగ్గు నుంచి వచ్చే ఫేజు స్విచ్చులోకి, స్విచ్చు నుంచి హోల్డరు ఒక పిన్నుకు, హోల్డరు రెండో పిన్ను నుంచి సాకెట్టులో ఫేజు టెర్మినలుకు. ఎర్తు రంధ్రం పైకి ఉండేలా సాకెట్టును ఎదురుగా పెట్టి చూస్తే ఫేజు కుడివైపు రంధ్రం. న్యూట్రల్, ఎర్తు రెండూ బల్బు జోలికి పోకుండా నేరుగా సాకెట్టుకు వెళ్తాయి. ఎర్తు వదిలేసే వాళ్లున్నారు, అది తప్పు. గోడ సాకెట్టులో ఫేజు నిజంగా కుడివైపే ఉందో లేదో టెస్టరుతో చూసుకోండి. తారుమారైతే బోర్డు స్విచ్చు న్యూట్రల్‌ను ఆపుతుంది, స్విచ్చు కట్టేసినా సాకెట్టులో ఫేజు అలాగే ఉంటుంది.

బోర్డు సరిగా వచ్చిందో లేదో చూడటం తేలిక. సాకెట్టు ఖాళీగా ఉన్నప్పుడు స్విచ్చు వేస్తే బల్బు వెలగకూడదు. సాకెట్టులో ఇంకో 100 వాట్ల ఫిలమెంటు బల్బు పెడితే రెండూ సమానంగా, ఎర్రగా మందంగా వెలగాలి. 230 వోల్టులు చెరిసగం పంచుకుంటాయి కాబట్టి.

ఇది పనిచేసేది బల్బు తీగకు వాడే టంగ్‌స్టన్ అనే లోహం గుణం వల్ల. 100 వాట్ల బల్బు తీగ నిరోధం, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, చల్లగా ఉన్నప్పుడు సుమారు 40 ఓములే, తెల్లగా కాలినప్పుడు 529 ఓములు. తక్కువ కరెంటు పోయేటప్పుడు అడ్డుపడదు, షార్టు రాగానే వేడెక్కి తనే గట్టి అడ్డుకట్ట అవుతుంది. ఎంత చెడ్డ షార్టయినా 0.43 ఆంపియర్లు మించనివ్వదు. 1879లో ఎడిసన్ వెలిగించినది, ఇంగ్లండులో స్వాన్ చేసినది కార్బన్ ఫిలమెంట్లు. కార్బన్ వేడెక్కితే నిరోధం తగ్గుతుంది, అంటే ఈ పనికి అడ్డం తిరిగే గుణం. 1910 ప్రాంతంలో అమెరికా శాస్త్రవేత్త కూలిడ్జ్ టంగ్‌స్టన్‌ను సాగే తీగగా లాగగలిగాక వచ్చిన బల్బే మనకు కావాల్సింది. ఎల్ఈడీ బల్బు పెట్టి సీరీస్ బోర్డు చేద్దామనుకోకండి. దాని లోపలి డ్రైవరు కరెంటును తన లెక్కలో తను నడుపుకుంటుంది, మిణుకు మిణుకుమంటుందే గానీ ఏమీ తెలియనివ్వదు.

ఇక వెలుగును చదవడం. అసలు తెలివంతా ఇక్కడే ఉంది.

సీలింగ్ ఫ్యాను పెడితే బల్బు మందంగా వెలగాలి, ఫ్యాను మెల్లగా కదలాలి లేదా గుయ్యిమనాలి. బల్బు పూర్తిగా వెలిగితే వైండింగు షార్టు. అసలు వెలగకపోతే ఎక్కడో తెగింది. మిక్సీని జారు తీసి పెట్టండి. మొదట గట్టిగా వెలిగి, మోటారు కదిలాక వెలుగు కాస్త తగ్గాలి. తగ్గకుండా, మోటారు కూడా కదలకుండా ఉంటే బేరింగు పట్టేసిందో, ఆర్మేచరు (మోటారులో తిరిగే భాగం) పోయిందో. టీవీ అయితే ఒక్కసారి తళుక్కుమని ఆరిపోవాలి, ఫోన్ చార్జరు, ఎల్ఈడీ బల్బు లాంటి చిన్నవాటికి ఆ తళుకు కనబడకపోవచ్చు కూడా. లోపలి కెపాసిటరు నిండిన గుర్తు అది. ఆరకుండా నిండుగా వెలుగుతుంటే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు షార్టయి ఉంటుంది.

ఇస్త్రీ పెట్టె దగ్గర చాలామంది పొరబడతారు. 1000 వాట్ల ఎలిమెంటు 53 ఓములే. అందుకే పెట్టె బాగున్నా బల్బు దాదాపు నిండుగానే వెలుగుతుంది. అది చూసి షార్టని పక్కన పడేయకండి. హీటర్ల విషయంలో ఈ బోర్డు ఎలిమెంటు తెగిందో లేదో మాత్రమే చెప్తుంది, మిగతాది మల్టీమీటరుతో ఓములు చూసి తేల్చుకోవాలి. 1500 వాట్లదైతే 35 ఓముల దగ్గర చూపాలి. ఒకటో రెండో చూపిస్తే అది షార్టే.

బల్బు వెలగలేదు కదా, లీకేజీ లేదనుకోవడం ఇంకా ప్రమాదం. మనిషిని చంపడానికి కొన్ని పదుల మిల్లీఆంపియర్లు చాలు, అంత కరెంటుకు వంద వాట్ల తీగ కంటికి కనబడేలా వెలగదు. తడిసిన వస్తువును మూత విప్పి రెండు మూడు రోజులు ఎండలో ఆరబెట్టండి. తరవాత వైండింగుకూ బాడీకీ మధ్య 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషను కొలిచే మీటరు) చూపిస్తే కనీసం 1 మెగాఓము రావాలి. ఇంట్లో లీకేజీ కరెంటుకు పడిపోయే 30 మిల్లీఆంపియర్ల బ్రేకరు (ఆర్‌సీసీబీ) ఉంటే, సీరీస్ బోర్డులో పెట్టగానే అది పడిపోతే జవాబు వచ్చేసినట్టే. బల్బు ఎంత మందంగా ఉన్నా సాకెట్టు వైపు తగిలితే షాకు కొడుతుంది. చెయ్యి పెట్టాలంటే ప్లగ్గు పీకండి, స్విచ్చు కట్టేయడం సరిపోదు.

ఫిలమెంటు బల్బు ఇప్పుడు ప్రతి కిరాణా కొట్టులో దొరకదు. ఎలక్ట్రికల్ షాపుల్లో అడగండి, కోళ్లఫారాల సామాన్లు అమ్మేచోట కోడిపిల్లలకు వెచ్చదనం కోసం పెట్టే బల్బులు కూడా ఇవే. రెండు తెచ్చుకోండి. చిన్న వస్తువులకు 40 వాట్లది ఇంకా సున్నితంగా చూపిస్తుంది.

ఫ్రిజ్ కంప్రెసరు, ఒక హెచ్‌పీ బోరు మోటారు ఈ బోర్డు మీద స్టార్టవవు. బల్బు నిండుగా వెలిగి ఊరుకుంటుంది, దాని వల్ల ఏమీ తేలదు. రొయ్యల చెరువుల ఏరేటర్లు ఎక్కువగా త్రీఫేజు మోటార్లు, వాటిని మెగ్గరున్న మోటారు వైండింగు మెకానిక్కు దగ్గరికే తీసుకెళ్లాలి.