మధ్యయుగపు పోకడ ఉన్న లావు సెరిఫ్ ఫాంటును బోర్డు మీద వాడే విధానం

ఇంగ్లీషు అక్షరాల గీతల కొసలకు ఉండే చిన్న పాదాలను సెరిఫ్‌లంటారు. మధ్యయుగపు పోకడ ఉన్న లావు ఫాంట్లలో ఇవి మేకుల్లా కోసుగా తేలడానికి కారణం, ఆనాటి లేఖకులు వెడల్పు మొన ఉన్న కలాన్ని వాలుగా పట్టి రాయడమే. 1455 ప్రాంతంలో గూటెన్‌బర్గ్ బైబిలును అచ్చువేసిన అక్షరాలు ఆ చేతిరాతకు నకళ్లే. వాటిని నేటి పాఠకుడు కూడబలుక్కోవలసి వస్తుంది. 1891లో ఇంగ్లండులో కెల్మ్‌స్కాట్ ప్రెస్ అనే అచ్చుశాల నెలకొల్పిన డిజైనరు విలియం మోరిస్ తన ట్రాయ్ అక్షరాల్లో ఆ నలుపును ఉంచుతూనే చదవడానికి వీలైన రూపం తెచ్చారు. బోర్డుకు ఫాంటు ఎంచుకునేవారు ఈ రెండో దారిలో వెళ్లడం మేలు.

ఈ ఫాంటు అన్నింటికీ నప్పదు. విశాఖపట్నంలో పాత పోస్టాఫీసు ప్రాంతంలో చర్చి వార్షికోత్సవ బ్యానరుకో, బీచ్ రోడ్డులో బేకరీ పేరుకో ఇది నిండుదనం తెస్తుంది గాని, టిఫిన్ సెంటరు బోర్డు మీద పగటివేషంలా ఉంటుంది. నప్పిన చోట కూడా పేరు వరకే వాడి, చిరునామా, ఫోన్ నంబరు, ధరలు సాదా ఫాంటులో వేయాలి. రూపాయి గుర్తు 2010లో వచ్చింది కాబట్టి అంతకు ముందు తయారైన ఫాంట్లలో అది దొరకదు.

పేరును మొత్తం పెద్ద అక్షరాల్లో వేయడం ఎక్కువగా జరిగే పొరపాటు. ఈ శైలిలో పెద్ద అక్షరాలు మాటకు మొదట ఒంటరిగా నిలబడేందుకు గీసినవి, పక్కపక్కన చేరితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. కొన్ని ఫాంట్లలో ఇంగ్లీషు పెద్ద ‘వి’ (V) అక్షరం ‘బి’ (B)లా కనబడుతుంది కాబట్టి, విశాఖ, వైజాగ్ అనే మాటలతో మొదలయ్యే పేర్లున్నవారు ముందుగా ఆ ఒక్క అక్షరాన్ని వేసి, విషయం తెలియని మనిషి చేత చదివించాలి.

పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు చొప్పున అక్షరం ఉండాలన్నది బోర్డులు రాసేవారి మామూలు లెక్క. ఈ ఫాంటుకు దానికి సగం కలపాలని నా అభిప్రాయం, ఎందుకంటే గీతలు లావై లోపలి ఖాళీలు ఇరుకవడంతో దూరం నుంచి అవి పూడిపోయినట్లు ఉంటాయి. స్క్రీన్ మీద చూసి నిర్ణయించక, పేరును అసలు సైజులో ఏ4 కాగితాల మీద ముక్కలుగా ప్రింటు తీసి, గోడకు అతికించి, రోడ్డుకు అవతల నిలబడి చూడాలి.

తెలుగు పేరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గుండ్రని మన అక్షరాలకు కొమ్ములు తగిలించి ఇంగ్లీషుకు జత చేయాలని చూస్తే రెండూ చెడతాయి. కలపవలసింది ఆకారం కాదు, బరువు. ఉచితంగా దొరికే రామభద్ర వంటి లావు తెలుగు ఫాంటును తీసుకుని, పాయింట్ల సంఖ్యను పట్టించుకోకుండా, రెండు వరుసల నలుపు కంటికి సమానంగా తోచేదాకా సైజు సర్దాలి. ఒత్తుల కోసం కింద చోటు వదలాలి.

ఫాంటు ఉచితంగా దొరికినా, వ్యాపారానికి వాడే అనుమతి ఉందో లేదో లైసెన్సులో చూసుకోవాలి. ఫ్లెక్సీ ప్రెస్సుకు ఇచ్చే ముందు కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేరులో అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా, మార్చకపోతే, ఆ ఫాంటు లేని వారి కంప్యూటరులో వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది. కర్వ్స్ చేశాక స్పెల్లింగు దిద్దడం కుదరదు కాబట్టి మార్చని ఫైలును విడిగా దాచుకోవాలి.