రద్దీ రోజులకు ముందు స్పామ్ ఫిల్టర్ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఈ మధ్య ఒక సంస్థ మెయిల్ సర్వర్ దాదాపు ఒక పూట పాటు స్తంభించింది. స్పామ్ మెయిళ్లను గుర్తించే స్పామ్‌అసాసిన్ నెమ్మదించి, క్యూ (ఆగిన మెయిళ్ల వరుస) పెరుగుతోందని గమనించిన నిర్వాహకులు, దాని సర్వర్ ప్రోగ్రామ్ అయిన స్పామ్‌డీ ఒకేసారి నడిపే చైల్డ్ ప్రాసెస్‌ల (మెయిళ్లను పరీక్షించే ఉప ప్రోగ్రామ్‌ల) పరిమితిని డిఫాల్ట్ విలువైన 5 నుంచి ఒక్కసారిగా 40కి పెంచారు. మెమరీ నిండి సర్వర్ స్వాప్‌లోకి (మెమరీ చాలక డిస్క్‌ను వాడే స్థితిలోకి) జారింది, క్షణాల్లో తేలవలసిన ఒక్కో మెయిల్‌కు నిమిషాలు పట్టింది, క్యూ మరింత పేరుకుపోయింది.

నేను చూసిన సర్వర్లలో ఎక్కువ భాగాన్ని కూలదోసిన పొరపాటు ఇదే: ఆలస్యం ఎక్కడుందో చూడకుండా చైల్డ్ ప్రాసెస్‌లను పెంచడం. ముందు లాగ్ చదవండి. ప్రతి మెయిల్‌కూ ఎన్ని సెకన్లు పట్టిందో, దాని పరిమాణం ఎన్ని బైట్లో స్పామ్‌డీ ఒకే వరుసలో రాస్తుంది. చిన్న మెయిళ్లకు కూడా చాలా సెకన్లు పడుతూ సీపీయూ ఖాళీగా ఉంటే, ఫిల్టర్ చాలావరకు డీఎన్‌ఎస్ (ఇంటర్నెట్ పేర్ల, చిరునామాల వ్యవస్థ) జవాబు కోసం ఎదురుచూస్తోందని అర్థం. స్పామ్ పంపే చిరునామాల జాబితాలైన బ్లాక్‌లిస్టులను అది డీఎన్‌ఎస్ ద్వారానే అడుగుతుంది, ఆ సమాధానాల కోసం డిఫాల్ట్‌గా 15 సెకన్ల వరకు ఆగగలదు. అప్పుడు చైల్డ్ ప్రాసెస్‌లను పెంచితే ఎదురుచూసేవాళ్ల వరుస పొడవవుతుందే తప్ప జవాబు త్వరగా రాదు.

అందుకు మందు సర్వర్‌లోనే అన్‌బౌండ్ వంటి సొంత రిజాల్వర్‌ను (డీఎన్‌ఎస్ ప్రశ్నలకు జవాబు వెతికే ప్రోగ్రామ్‌ను) నడపడం. 8.8.8.8 వంటి పబ్లిక్ రిజాల్వర్ల ద్వారా వచ్చే ప్రశ్నలకు స్పామ్‌హాస్ అనే బ్లాక్‌లిస్ట్ సంస్థ సరైన సమాధానం ఇవ్వదు, 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ పంపుతుంది. దానిని "లిస్టులో ఉంది" అని చదివే ఫిల్టర్ మంచి మెయిళ్లను కూడా స్పామ్‌గా లెక్కగడుతుంది.

సీపీయూ నిజంగా నిండుతుంటే అది వేరే సంగతి. స్పామ్‌ను గుర్తించే రూల్స్‌ను స్పామ్‌అసాసిన్‌తో వచ్చే ఎస్ఏ-కంపైల్‌తో, వేగంగా నడిచేలా కంపైల్ చేయండి, అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ చేయండి.

చైల్డ్ ప్రాసెస్‌లను పెంచక తప్పకపోతే, నడుస్తున్న ఒక ప్రాసెస్ ఎంత మెమరీ వాడుతోందో కొలిచి, మిగతా సర్వీసులకు కావలసినది పక్కన పెట్టి, మిగిలినదానిని ఆ ఒక్క ప్రాసెస్ కొలతతో భాగించండి. వచ్చిన సంఖ్యే మీ హద్దు. దానిని దాటకండి.

లేని చిరునామాలకు వచ్చే మెయిల్‌ను మెయిల్‌ను ముందుగా అందుకునే ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ దగ్గరే తిరస్కరించండి. ఫిల్టర్ దాకా రానివ్వకండి. మెయిల్‌ను స్పామ్‌డీకి అందించే స్పామ్‌సీ పరిమాణ హద్దు డిఫాల్ట్‌గా 500 కేబీ (అంతకు మించిన మెయిల్ పరీక్షకు వెళ్లదు), పెంచకండి. బేయస్ (పాత మెయిళ్ల నుంచి నేర్చుకున్న పదాల డేటాబేస్) ఆటో ఎక్స్‌పైరీని, అంటే పాత పదాలను దానంతటదే తీసేసే పనిని ఆపి, దానిని రాత్రిపూట క్రాన్‌కు (నిర్ణీత వేళకు పనులు నడిపే ప్రోగ్రామ్‌కు) అప్పగించండి, లేకపోతే మెయిల్‌ను పరీక్షించే మధ్యలోనే డేటాబేస్ లాక్ అవుతుంది. మూతపడిన బ్లాక్‌లిస్టులను తీసేయండి: 2006లో ఆగిపోయిన ఓఆర్‌డీబీ 2008 మార్చిలో ప్రతి ప్రశ్నకూ "లిస్టులో ఉంది" అని బదులివ్వడంతో, దానిని ఇంకా వాడుతున్న సర్వర్లు మంచి మెయిల్‌నంతా తిప్పికొట్టాయి. వేగం కోసం, మెయిల్‌ను స్పామ్‌గా తేల్చే 5.0 స్కోరు హద్దును ముట్టుకోకండి, దానికీ వేగానికీ సంబంధం లేదు. లింట్ (సెట్టింగుల్లో తప్పులు వెతికే పరీక్ష) చేయకుండా రీస్టార్ట్ చేయకండి. ఒకేసారి రెండు మార్పులు చేయకండి. మెమరీ వాడకాన్ని చూపే వీఎమ్‌స్టాట్ కమాండ్‌లో స్వాప్ అంకెలు సున్నా దాటి కదులుతున్నాయా? చైల్డ్ ప్రాసెస్‌లను పెంచకండి, వెంటనే తగ్గించండి.