యుద్ధ సినిమాను చదవడం – 4వ పాఠం: తెరమీది మనిషి, రికార్డులోని మనిషి

పోయిన పాఠంలో కాలం గురించి మాట్లాడుకున్నాం. 2017లో వచ్చిన 'డంకర్క్' సినిమా రేవుగట్టు మీద వారం రోజులను, సముద్రం మీద ఒక రోజును, ఆకాశంలో ఒక గంటను ఎలా కలిపి అల్లిందో సీన్ల వారీగా రాసుకుంటూ చూశాం. ఈసారి మనుషుల సంగతి. మొత్తం పాఠాల్లో ఇదే ముఖ్యమైనదని నా అభిప్రాయం. యూనిఫాం మీద బ్యాడ్జీ తప్పుగా పెడితే ఎవరికీ అన్యాయం జరగదు. పేరున్న మనిషిని తప్పుగా చూపిస్తే మాత్రం అతనికీ, అతని ఇంట్లోవాళ్లకీ జరుగుతుంది.

దీనికి కావలసింది ఒక నోటుబుక్కు, మీరు ఇదివరకే ఒకసారి చూసిన యుద్ధ సినిమా. మొదటిసారి చూస్తున్నప్పుడు ఈ పని పెట్టుకోకండి. మొదటిసారి కథలో మునిగి చూడాలి, ఏడుపొస్తే ఏడవాలి. రెండోసారి చూసేటప్పుడు పేజీని మూడు గడులుగా గీయండి. మొదటి గడిలో పాత్ర పేరు, హోదా. రెండో గడిలో ఆ పాత్ర తెరమీద ఏం చేసింది, చివరికి ఏమైంది. మూడో గడి ఖాళీగా వదిలేయండి. సినిమా అయిపోయాక రికార్డులు చూసి దాన్ని నింపుతాం.

చూస్తూ చూస్తూ అన్ని పేర్లూ రాయలేరు. అవసరం కూడా లేదు. ఇంటిపేరు, హోదా, యూనిట్ మూడూ చెప్పిన పాత్రలను ముందు పట్టుకోండి. నిజంగా ఉన్న మనిషి అయ్యే అవకాశం వాళ్లకే ఎక్కువ. వాళ్లలో తెరమీద చనిపోయినవాళ్ల పక్కన ఒక చుక్క పెట్టండి. మన పని ఆ చుక్కల దగ్గరే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 1997లో వచ్చిన 'బోర్డర్' సినిమా 1971 డిసెంబరు 4 రాత్రి రాజస్థాన్ ఎడారిలో లోంగేవాలా పోస్టు దగ్గర జరిగిన పోరాటం మీద తీసింది. మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి నాయకత్వంలో 23 పంజాబ్ బెటాలియన్‌కు చెందిన సుమారు 120 మంది, ట్యాంకులతో వచ్చిన పాకిస్తాన్ దళాన్ని తెల్లవారేదాకా నిలువరించారు. వెలుతురు రాగానే జైసల్మేర్ నుంచి వైమానిక దళం హంటర్ యుద్ధ విమానాలు వచ్చి ట్యాంకులను దెబ్బతీశాయి. ఆ విమానాలకు రాత్రిపూట దాడి చేసే వసతి లేదు కాబట్టి పోస్టులోని వాళ్లు పొద్దు పొడిచేవరకు ఎలాగోలా ఆగాల్సి వచ్చింది. సినిమాలోని టెన్షన్ అంతా ఇక్కడినుంచే వస్తుంది. అది కల్పించింది కాదు, నిజంగా అలాగే జరిగింది.

ఇప్పుడు పట్టికలోకి రండి. మొదటి గడిలో భైరోన్ సింగ్, సరిహద్దు భద్రతా దళం. రెండో గడిలో ప్రాణత్యాగం. పక్కన చుక్క. మూడో గడిలో ఏం రాయాలి? భైరోన్ సింగ్ రాథోడ్ ఆ రాత్రి ఆ పోస్టులోనే ఉన్నారు, పోరాడారు, బతికారు. 1972లో సేనా మెడల్ అందుకున్నారు. 2022 డిసెంబరులో జోధ్‌పూర్‌లో కన్నుమూశారు. అంటే సినిమా విడుదలైన తర్వాత దాదాపు పాతికేళ్లు ఆయన బతికే ఉన్నారు. దేశమంతా తెరమీద ఆయన చావు చూసి కన్నీళ్లు పెట్టుకుంటుంటే ఆయన తన ఊళ్లో ఉన్నారు.

అదే సినిమాలో చుక్కలన్నీ లెక్కపెట్టి చూడండి. పోస్టులో చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నట్టు కనిపిస్తుంది. నిజంగా ఆ పోరాటంలో భారత పక్షాన చనిపోయినవాళ్లు ఇద్దరు. సినిమా తీసినవాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. గెలుపుకి మూల్యం చెల్లించినట్టు కనిపించకపోతే ప్రేక్షకుడి గుండె కదలదని వాళ్ల భయం. అయినా నా మాట ఇదే: చావులు పెంచాలనుకుంటే కల్పిత పేర్లకు పెంచుకోవచ్చు. బతికున్న మనిషి పేరు పెట్టి చంపడం వేరే సంగతి. అంతమందిలో ఇద్దరే చనిపోయేలా ఆ రాత్రి ఎలా గడిచింది, కందకాలు ఎక్కడ తవ్వారు, ట్యాంకులు ఇసుకలో ఎందుకు కూరుకుపోయాయి అన్నదే అసలు గొప్ప కథ. చావులు పెంచేసరికి ఆ కథ కాస్తా మరుగున పడింది.

టీవీ డ్రామాలో ఇలాంటిది మరోలా జరుగుతుంది. 2001లో వచ్చిన పది ఎపిసోడ్ల 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్' అమెరికా 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లోని ఈజీ కంపెనీ కథ. అందులో దాదాపు అందరూ నిజమైన పేర్లతోనే కనిపిస్తారు. మూడో ఎపిసోడ్ ఆల్బర్ట్ బ్లైత్ అనే సైనికుడి చుట్టూ తిరుగుతుంది. ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో భయంతో కొంతసేపు చూపు పోయి, మళ్లీ తేరుకుని, ఆపైన గాయపడే కుర్రాడు. ఎపిసోడ్ చివర తెల్ల అక్షరాల్లో ఒక ఎండ్ కార్డు వస్తుంది: ఆ గాయాల నుంచి అతను కోలుకోలేదని, 1948లో చనిపోయాడని. బ్లైత్ 1948లో చనిపోలేదు. సైన్యంలోనే కొనసాగాడు, కొరియా యుద్ధంలో పనిచేశాడు, 1967లో చనిపోయాడు. పాత తోటి సైనికులు అతను ఎప్పుడో పోయాడనుకున్నారు. సీరియల్‌కు ఆధారమైన పుస్తకం వాళ్ల మాట నమ్మింది, సీరియల్ ఆ పుస్తకాన్ని నమ్మింది.

ఇక్కడ ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు. అందుకే ఈ ఉదాహరణ పాఠానికి అంత విలువైనది. సీన్‌లో డైలాగ్ వింటున్నప్పుడు ఇది నాటకం అని మనసుకి ఒక మూల తెలుస్తూనే ఉంటుంది. ఎండ్ కార్డు దగ్గర ఆ జాగ్రత్త పోతుంది. సంగీతం తగ్గి, నల్లటి తెరమీద తేదీ కనబడగానే రికార్డు చదువుతున్నాం అనుకుంటాం. నిజానికి అది కూడా స్క్రిప్టులో ఒకరు రాసిన వాక్యమే. కాబట్టి ఎండ్ కార్డులను వదలకుండా నోటుబుక్కులో దించుకోండి. అన్నిటికన్నా ముందు సరిచూడాల్సినవి అవే. సరిచూడటం తేలిక కూడా, ఎందుకంటే వాటిలో పేరు, సంవత్సరం స్పష్టంగా ఉంటాయి.

ఎక్కడ చూడాలి? రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన బ్రిటిష్, కామన్వెల్త్ సైనికులైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో పేరుతో వెతకవచ్చు. ఉచితం. అవిభక్త భారతదేశం నుంచి వెళ్లినవాళ్ల పేర్లు కూడా అందులో ఉంటాయి. స్వతంత్ర భారత యుద్ధాలకు శౌర్య పురస్కారాల ప్రశంసా పత్రాలు మంచి ఆధారం. మరణానంతరం ఇచ్చిందా, బతికుండగా ఇచ్చిందా అన్నది అందులోనే తెలిసిపోతుంది. ఆపైన యూనిట్ డైరీలు, పత్రికల్లో వచ్చిన మరణ వార్తలు. ఒకే ఆధారం దొరికితే మూడో గడిలో పెన్సిల్‌తో రాయండి. రెండు వేర్వేరు ఆధారాలు ఒకటే చెబితే పెన్నుతో దిద్దండి. ఒకదాన్ని చూసి మరొకటి రాసినవి అయితే అవి రెండు కావు, ఒకటే. బ్లైత్ విషయంలో జరిగింది అదే కదా.

ఇక కలిపేసిన పాత్రలు. సినిమాకి మూడు గంటలే ఉంటాయి, ముప్పై మందిని గుర్తుపెట్టుకోమని ప్రేక్షకుణ్ని అడగలేం. అందుకని ముగ్గురు చేసిన పనిని ఒకరికి ఇస్తారు. యూదులను తన ఫ్యాక్టరీలో పనికి పెట్టుకుని కాపాడిన జర్మన్ వ్యాపారి షిండ్లర్ కథ, 1993 నాటి 'షిండ్లర్స్ లిస్ట్'. అందులో ఇట్జాక్ స్టెర్న్ పాత్ర అలాంటిదే. స్టెర్న్ నిజమైన మనిషే, లెక్కలు చూసే అకౌంటెంటే. కానీ తెరమీద అతను చేసే పనుల్లో కొన్ని ఫ్యాక్టరీ నడిపిన అబ్రహాం బాంకియర్‌వి, కొన్ని మియెటెక్ పెంపర్‌వి. పెంపర్‌ను నాజీ నిర్బంధ క్యాంపు కమాండెంట్ గోథ్ బలవంతంగా తన ఆఫీసులో స్టెనోగా పెట్టుకున్నాడు. ఆ ఆఫీసులో కంటబడ్డవన్నీ గుర్తుపెట్టుకుని, 1946లో గోథ్ మీద విచారణ జరిగినప్పుడు అదే పెంపర్ సాక్ష్యం చెప్పాడు. ఒక్క సినిమాకి సరిపోయే జీవితం అది.

కలిపేసిన పాత్రను చూస్తూనే పసిగట్టవచ్చు. అతను ఎక్కడ చూసినా ఉంటాడు. ఫ్యాక్టరీలో, ఆఫీసులో, క్యాంపులో, రైలు దగ్గర, ముఖ్యమైన ప్రతి చోటా. ఒక్క మనిషికి ఒక్క రోజులో అన్ని చోట్లా తిరగడం ఎలా కుదిరింది అన్న అనుమానం మీకు వస్తే, ఆ పేరు పక్కన నిలువుగీత పెట్టండి. ఇంకో గుర్తు: ప్రేక్షకుడు అడగాలనుకున్న ప్రశ్నను సరిగ్గా ఆ సమయానికి అడిగేది అతనే. ఇలా కలపడాన్ని నేను తప్పుపట్టను. చేసిన పని నిజంగా జరిగింది, దాని బరువు తగ్గలేదు. కాకపోతే బాంకియర్, పెంపర్ పేర్లు మీ నోటుబుక్కులోకైనా రావాలి.

తప్పుపట్టాల్సిన చోటు వేరే ఉంది. 2014లో వచ్చిన 'ది ఇమిటేషన్ గేమ్' జర్మనీ సైన్యం వాడిన ఎనిగ్మా యంత్రపు రహస్య సంకేతాలను ఛేదించిన బ్రిటిష్ గణిత శాస్త్రజ్ఞుడు అలన్ ట్యూరింగ్ కథ. అందులో జాన్ కెయిర్న్‌క్రాస్ అనే సోవియట్ గూఢచారి ట్యూరింగ్ బృందంలోనే ఉంటాడు. ట్యూరింగ్‌కు అతని రహస్యం తెలిసిపోతుంది. నువ్వు స్వలింగ సంపర్కుడివన్న రహస్యం కూడా బయటపెడతానని కెయిర్న్‌క్రాస్ బెదిరిస్తే ట్యూరింగ్ నోరు మూసుకుంటాడు. నిజంగా కెయిర్న్‌క్రాస్ బ్రిటన్ సంకేతాలు ఛేదించే కేంద్రమైన బ్లెచ్లీ పార్క్‌లో పనిచేశాడు, గూఢచర్యమూ చేశాడు. కానీ అక్కడ విభాగాలను 'హట్'లు అనేవారు. అతను హట్ 3లో, ట్యూరింగ్ హట్ 8లో. ఇద్దరూ కలిసి పనిచేశారనడానికి ఆధారం లేదు. ఈ చిన్న మార్పుతో ఏం జరిగిందో చూడండి. యుద్ధకాలంలో గూఢచారిని తెలిసీ దాచినవాడిగా, అంటే దేశద్రోహానికి తోడుపడ్డవాడిగా ట్యూరింగ్ మిగిలాడు. 1952లో స్వలింగ సంపర్కం నేరంగా శిక్ష అనుభవించి, 1954లో 41 ఏళ్లకే చనిపోయిన మనిషి మీద, ఆయన చేయని నేరం ఇంకొకటి మోపారు. దీన్ని సినిమా సౌలభ్యం అని సర్దుకుపోవడం నాకు చేతకాదు.

అందుకే మూడో గడి నింపేటప్పుడు తేడా ఉందా లేదా అని మాత్రమే రాసి ఊరుకోకండి. ఆ తేడా వల్ల ఎవరికి మంచి జరిగింది, ఎవరి మీద నింద పడింది అని ఒక్క ముక్క రాయండి. బ్లెచ్లీ సినిమాలో ఇంకో పేరు వెతకండి: గోర్డన్ వెల్చ్‌మన్. ఎనిగ్మా యంత్రాన్ని ఛేదించే 'బాంబ్' అనే యంత్రానికి ఆయన జోడించిన డయాగనల్ బోర్డు అనే భాగం వల్లే దాని వేగం ఎంతో పెరిగింది. ఆయన పాత్ర సినిమాలో లేదు. యుద్ధానికి ముందే ఎనిగ్మాను ఛేదించి, 1939 జూలైలో ఆ విద్యను బ్రిటిష్, ఫ్రెంచి వాళ్లకు అప్పగించిన పోలెండ్ గణిత శాస్త్రజ్ఞులు రెయెవ్‌స్కీ, రుజిట్స్కీ, జిగాల్‌స్కీ కూడా పాత్రలుగా రారు.

లేని మనుషులను పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం. పట్టికలో రాయడానికి పేరే ఉండదు. 1957 నాటి 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' గుర్తుందా? సయాం (నేటి థాయ్‌లాండ్), బర్మాల మధ్య జపాన్ సైన్యం యుద్ధఖైదీలతో వేయించిన రైలు మార్గం. సినిమాలో బ్రిటిష్ కర్నల్ పట్టుదలగా శత్రువుకి మంచి వంతెన కట్టిపెడతాడు. అక్కడ నిజంగా ఉన్న సీనియర్ అధికారి లెఫ్టినెంట్ కర్నల్ ఫిలిప్ టూసీ అలాంటివాడు కాదు. ఆయన మనుషులు చెదపురుగులను పోగుచేసి వంతెన దుంగల్లో వదిలారు, కాంక్రీటును కావాలనే చెడగొట్టి కలిపారు. ఆ సినిమా చూసి నిజమైన ఖైదీలు చాలామంది బాధపడ్డారు. ఇంతవరకు పేరుతో పట్టుకోగలిగిన తేడా.

ఇప్పుడు ఆ సినిమాను మళ్లీ పెట్టి, పనిచేస్తున్న గుంపుల ముఖాలు మాత్రమే చూడండి. దాదాపు అందరూ బ్రిటిష్ ఖైదీలే. అసలు ఆ 415 కిలోమీటర్ల మార్గం మీద పనిచేసిన మిత్రపక్ష ఖైదీలు సుమారు 60 వేలు, వాళ్లలో 12 వేలకు పైగా చనిపోయారు. వాళ్లకు మూడు రెట్లో అంతకంటే ఎక్కువో ఆసియా కూలీలు అక్కడ పనిచేశారు. బర్మా వాళ్లు, మలయా వాళ్లు, జావా వాళ్లు, మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన భారత సంతతి కూలీలు. ఆ చివరివాళ్లలో ఎక్కువమంది తమిళులు. మొత్తం కూలీల్లో 90 వేల మంది దాకా చనిపోయారని అంచనా. అంచనా అనే అనాలి, ఎందుకంటే వాళ్ల పేర్లు ఎవరూ సరిగ్గా రాసిపెట్టలేదు. థాయ్‌లాండ్‌లోని కాంచనబురి శ్మశానంలో దాదాపు 7 వేల యుద్ధఖైదీల సమాధులు పేర్లతో, వరసలతో ఉన్నాయి. కూలీలకు అలాంటి వరసలు లేవు. కాగితం మీద లేనివాళ్లు స్క్రిప్టులోకి రావడం ఎంత కష్టమో దీన్ని బట్టి తెలుస్తుంది. అందుకే ప్రతి సినిమాకీ పట్టిక కింద ఒక ఖాళీ వరస గీసి, ఈ చోట ఇంకా ఎవరు ఉండి ఉంటారు అని రాసుకోండి. వంట చేసేవాళ్లు, మోసేవాళ్లు, ఆ ఊరివాళ్లు, నర్సులు.

అభ్యాసం. 2017లో తెలుగులో వచ్చిన 'ఘాజీ' తీసుకోండి. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖపట్నం దగ్గర మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి కథ. సినిమాలో దాన్ని ఎదుర్కొన్నది భారత జలాంతర్గామి. భారత నౌకాదళం చెప్పే కథనంలో దాన్ని ముంచింది ఉపరితల నౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్. పాకిస్తాన్ కథనంలో అది తనంతట తానే జరిగిన పేలుడు. ఘాజీలోని వాళ్లు ఒక్కరూ బతకలేదు. అంటే ఆ జలాంతర్గామి లోపల సినిమా చూపించే ప్రతి మాటా, ప్రతి ఆజ్ఞా రచయిత ఊహ. లోపలి సీన్లన్నిటికీ మూడో గడిలో 'సాక్షి లేరు' అని రాయండి. తర్వాత ఆ సీన్లను మళ్లీ చూసి, సాక్షి లేని చోట రచయిత శత్రు కెప్టెన్‌కు ఎలాంటి స్వభావం ఇచ్చాడో, అదే సమయంలో మన కెప్టెన్‌కు ఎలాంటి స్వభావం ఇచ్చాడో పక్కపక్కన నాలుగైదు వాక్యాలు రాయండి. ఇందులో ఒకే సరైన జవాబంటూ లేదు. మీరు రాసింది సీన్‌తో నిరూపించగలగాలి, అంతే.

ఈ పట్టికను పారేయకండి. 5వ పాఠంలో శబ్దం గురించి చూస్తాం: తుపాకీ మోత, వైర్‌లెస్, సైరన్. అప్పుడు ఇవే సీన్లను బొమ్మ ఆపేసి చెవులతో మాత్రమే వినాలి.