వాప్త్సరోవ్ సముద్రాన్ని చదవాలంటే ముందు పాలెం పొండి

సముద్రం మీద కవిత్వం అనగానే మనవాళ్లకి వెన్నెల, అలలు, ఇసుకలో రాసిన పేర్లు గుర్తొస్తాయి. నికోలా వాప్త్సరోవ్‌ని ఆ లెక్కన చదివితే పెద్దగా ఏమీ దొరకదు. బల్గేరియా కవి, 1909లో బాన్‌స్కో అనే కొండ ఊళ్లో పుట్టాడు. 1926 నుంచి 1932 దాకా నల్ల సముద్రం ఒడ్డున ఉన్న వర్నాలో ఓడల ఇంజన్ల చదువు చదివాడు.

అందుకని ఆదివారం మైపాడు బీచ్‌లో ఇతని కవితల పుస్తకం తెరవకండి, బజ్జీల బండ్ల మధ్య, సెల్ఫీల గోలలో ఈ కవి పలకడు. తెల్లారగట్ల కొత్తపట్నం వైపో, దగ్గర్లో ఉన్న ఏ పాలేనికో బోట్లు వేట నుంచి తిరిగొచ్చే వేళకి పొండి. ఒడ్డు దగ్గరపడగానే నీళ్లలో తిరిగే ఫ్యాను ఇసుకకి తగలకుండా ఇంజన్ని ఎలా ఎత్తుతారో, ఆ చేతులకి ఎంత గ్రీజు ఉంటుందో చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాత్రం వద్దు, వేట నిషేధం, ఇంజన్ బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి.

ఇంటికొచ్చి 'ఉత్తరం' కవితతో మొదలుపెట్టండి. పాత ఓడ స్నేహితుణ్ణి అడుగుతుంటాడు: సముద్రం, యంత్రాలు, జిగట చీకటి నిండిన ఓడ అడుగు గదులు గుర్తున్నాయా అని. ఫిలిప్పీన్స్ మీద పిచ్చి ఆశ, ఫామగుస్తా మీద పెద్ద పెద్ద నక్షత్రాలు కూడా ఆ ప్రశ్నలోనే వస్తాయి. సైప్రస్‌లోని ఫామగుస్తా అతను 1932లో 'బుర్గాస్' ఓడ మీద పోయి చూసిందే, ఫిలిప్పీన్స్ మాత్రం ఆశగానే మిగిలింది. నాకు కవితంతా ఈ రెండు పేర్ల మధ్యే ఉందనిపిస్తుంది.

రెండోసారి చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకుని, సముద్రం మాట ఎక్కడ ఆగిపోయిందో అక్కడ గీత పెట్టండి. ఆ కింద నుంచి కుర్రతనపు ఆశలు కాలిపోవడం, బతుకు బోనులో చిక్కుకోవడం, ఆ తర్వాత మళ్లీ నమ్మకం చిగురించడం ఉంటాయి. ఓడ దిగాక అతను పని చేసింది కాగితం ఫ్యాక్టరీలో, అక్కడా యంత్రాలే. బతికుండగా వచ్చిన ఒకే ఒక్క సంపుటి పేరు కూడా 'మోటారు పాటలు', 1940లో. 1942 జులై 23న బల్గేరియా రాజధాని సోఫియాలో అతన్ని కాల్చి చంపారు.

అన్నట్టు, మన ఆటుపోట్లు అక్కడికి మోసుకెళ్లకండి. నల్ల సముద్రంలో పోటు ఉన్నా లేనట్టే, ఉప్పు కూడా మామూలు సముద్రంలో సగమే. సూర్యుడు మాత్రం మనకిలాగే నీళ్లలోంచే పొడుస్తాడు.

మీ ఇంట్లో ఓడల్లో పని చేసొచ్చిన బాబాయో బావో ఉంటే ఆయనకి చదివి వినిపించండి. ఎక్కడ తలూపాడో, ఎక్కడ "ఇదంతా ఉత్తదిరా" అన్నాడో పక్కన రాసుకుని, అప్పుడు 'విశ్వాసం' కవితకి పొండి.